కాలు కింద పెడితే ఫెయిల్

బాపట్ల కొత్తగా జిల్లా అయిన వేసవిలో, అంటే రెండు వేల ఇరవై రెండులో, నన్ను తెనాలి నుంచి బాపట్ల రవాణా శాఖ కార్యాలయానికి మోటారు వాహనాల తనిఖీ అధికారిగా బదిలీ చేశారు. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు. జనానికి మేం బ్రేక్ ఇన్‌స్పెక్టర్లం. లారీలకు ఫిట్‌నెస్ ఇవ్వడం, ప్రమాదం జరిగిన బండిని చూసి తప్పు బండిదా మనిషిదా అని రిపోర్టు రాయడం, డ్రైవింగ్ స్కూళ్లను తనిఖీ చెయ్యడం, ఇవన్నీ మా పనులే. అయినా నన్ను జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఎనిమిది వల్లే.

ఎనిమిది అంటే నేల మీద ఆ అంకె ఆకారంలో గీసిన దారి. రెండు చక్రాల బండికి లైసెన్సు కావాలంటే గీత దాటకుండా, ఆగకుండా దాని మీద తిరిగి రావాలి. కాలు కింద పెడితే ఫెయిల్. ఎవరి సిఫార్సుతో వచ్చినా అంతే. పరీక్ష ఉన్న ప్రతి ఉదయం ఆ మాట గట్టిగా చెప్పి గానీ మొదలుపెట్టేవాణ్ణి కాదు. వెనకాల నన్ను ‘ఫెయిల్ సారు’ అనేవాళ్లని తెలుసు. దాన్ని బిరుదు కిందే జమ కట్టుకున్నాను.

కోటేశ్వరరావు నాకు తెనాలి రోజుల నుంచీ తెలుసు. కొలకలూరు మనిషి. తెనాలిలో ఒక డ్రైవింగ్ స్కూల్లో చాలా ఏళ్లు ఇన్‌స్ట్రక్టరుగా చేశాడు. ఇన్‌స్ట్రక్టరు అంటే నేర్చుకునేవాళ్ల పక్కన ఎడమ సీట్లో కూర్చునే మనిషి. స్కూలు కారులో ఆ సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. డ్యూయల్ కంట్రోల్ అంటాం. కోటేశ్వరరావుకి పని ఎంత బాగా వచ్చో నోరు అంత చెడ్డది. డాక్టర్లనీ ప్లీడర్లనీ కూడా ‘ఆ కాలు నీదేనా, అద్దెకి తెచ్చుకున్నావా’ అని తిట్టేవాడు. తిట్లు తిన్నవాళ్లే మళ్లీ తమ పిల్లల్ని తీసుకొచ్చి అతనికే అప్పజెప్పేవాళ్లు. అతను పంపిన మనిషిని ఫెయిల్ చేసే అవకాశం నాకు ఎప్పుడో గానీ దొరికేది కాదు.

నేను బాపట్ల వెళ్లడానికి ముందు ఏడాది, రోడ్డు పక్కన స్కూలు కారుకి టైరు మారుస్తుంటే, గడ్డి ట్రాక్టరు ఒకటి వెనక్కి వచ్చి కోటేశ్వరరావు ఎడమ కాలి మీదికి ఎక్కింది. మోకాలి కింద నుంచి తీసేశారు. కృత్రిమ కాలు పెట్టించుకుని, నడక మళ్లీ మొదటి నుంచి నేర్చుకుని, పనిలోకి వెళ్తే యజమాని కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి మరీ వద్దన్నాడట. కాలు లేనివాడు కారు నేర్పుతాడా అని జనం నవ్వుతారు, స్కూలు పేరు పోతుంది అన్నాడట. స్కూలు పని మీద ఉండగా పోయిన కాలు అది. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కాలితో క్లచ్ తొక్కగలడని ఎముకల డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు, కారు లైసెన్సు చెల్లుబాటులోనే ఉంది. ఇలాంటి వాటికి చట్టం ఉంది, ఫిర్యాదు పెట్టు, నాకు తెలిసిన ప్లీడరు ఉన్నాడు అన్నాను. కేసు గెలిచినా ఆ కారులో మళ్లీ కూర్చోబుద్ధి కాదండి, ముందు పని దొరకనివ్వండి అన్నాడు.

పని దొరకడం లేదు. కూతురు నర్సింగు చదువుతోంది, ఇల్లు భార్య కుట్టుమిషను మీద నడుస్తోంది. తెనాలిలో మిగతా స్కూళ్లవాళ్లు, బాపట్లలో వాళ్లు, అందరూ నడక చూసి అక్కడికక్కడే మర్యాదగా పంపించేశారు. ఈపురుపాలెంలో మగ్గాల షెడ్డు యజమాని ఒకాయన జాలిపడి, గేటు దగ్గర కూర్చునే పని ఇస్తానన్నాడట. కోటేశ్వరరావు ఆ సంగతి నాకు చెప్పి, “కూర్చునే పని నాకూ వచ్చండి. కారులో, ఎడమ సీట్లో” అన్నాడు.

బాపట్లలో అతను నా ముందుకి వచ్చింది పరీక్షకే. రెండు చక్రాల బండి ఆగినప్పుడు మనం ఆనించేది ఎడమ కాలు. అందుకని వెనక అటూ ఇటూ చక్రాలు బిగించిన స్కూటరు ఒకటి సంపాదించాడు. దివ్యాంగుల కోసం ఇలా మార్చిన బండికి లైసెన్సు వేరే ఉంటుంది. కాలు కింద పెట్టే ప్రసక్తే లేని బండి, పైగా ఎనిమిది అతనికి వెన్నతో పెట్టిన విద్య, ఇంకేముంది అనుకున్నాను. మొదటి మలుపులోనే గీత దాటి మట్టిలోకి పోయాడు. ఫెయిల్ అని రాశాను. ఎప్పటిలాగే రాశాను. చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో పాపం అన్నట్టు చూశారు. అతను ఎవరినీ చూడకుండా ఆ వెనక చక్రాల వైపే చూస్తూ నిలబడ్డాడు.

వారం తర్వాత మళ్లీ వచ్చి గీత అంటకుండా తిరిగాడు. ఏం జరిగిందయ్యా అంటే చెప్పాడు. రెండు చక్రాల బండిని మనం హ్యాండిలుతో కంటే ఒంటితోనే తిప్పుతాం, మలుపులో బండితో పాటు వాలతాం. పక్క చక్రాలు పెట్టాక బండి వాలదు. అలవాటు కొద్దీ మనిషి ఒక్కడే వాలితే బండి తిరగకుండా గీత మీదికి పోతుంది. ఊరందరికీ ‘వాలు, బండితో వాలు’ అని అరిచి నేర్పినవాణ్ణి ఆ అలవాటే మట్టిలోకి తోసింది. నాకు చాలాకాలంగా ఒకటి అంతుపట్టేది కాదు. ఇలాంటి బండ్ల మీద పోలియో వచ్చినవాళ్లు ఇట్టే పాసయ్యేవాళ్లు, ప్రమాదంలో కాలు పోయినవాళ్లే తప్పేవాళ్లు. మొదటివాళ్లు మామూలు బండి ఎప్పుడూ ఎక్కలేదు, వాళ్లకి మర్చిపోవాల్సిన అలవాటు లేదు. తన ఓటమి నుంచి అంత తొందరగా, అంత శుభ్రంగా కారణం లాగి బయటపెట్టిన మనిషిని నా సర్వీసులో ఇంకొకణ్ణి చూడలేదు.

రేపల్లెలో మాకు వారానికి ఒకరోజు క్యాంపు ఉండేది. ఒక వారం చూస్తే కోటేశ్వరరావు అక్కడ ప్రత్యక్షం. నా పరీక్షకి వచ్చిన పక్క చక్రాల బండ్లవాళ్లని ఒక మూలకి తీసుకెళ్లి, వాలకండి, నడుం కదల్చకండి, హ్యాండిలు తిప్పండి అని వాయించేస్తున్నాడు. ట్రాక్ దగ్గర బ్రోకర్లని నేను అడుగుపెట్టనివ్వను. ఏంటి, ఈ పని ఎప్పట్నుంచి మొదలెట్టావని కేకలేశాను. “డబ్బులేం తీసుకోవట్లేదండి. నోరు ఊరుకోవట్లేదు, అంతే” అన్నాడు.

అదంతా సుభాషిణి చూసింది. రేపల్లెలో వాళ్ల నాన్న పెట్టిన డ్రైవింగ్ స్కూలుని నడుపుతున్న అమ్మాయి. తన దగ్గర నేర్చుకున్నవాళ్లని పరీక్షకి తీసుకొచ్చింది. ఆ రోజు పక్క చక్రాల బండ్లవాళ్లందరూ పాసయ్యారు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, “ఆ బాబాయిని మా స్కూల్లో పెట్టుకుంటానండి. కారు నేర్పడానికి కూడా ఆయనే. రూలు ఒప్పుకుంటుందా?” అని అడిగింది. స్కూలు ఎవరినైనా కొత్తగా ఇన్‌స్ట్రక్టరుగా పెట్టుకుంటే మాకు తెలియజెయ్యాలి, మేం చూసి పైఅధికారికి రిపోర్టు పంపాలి. రూల్లో పదో తరగతి ఉండాలన్నారు, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం అన్నారు, మోటారు మెకానిక్ సర్టిఫికెట్ అన్నారు. కాళ్ల ఊసు ఎక్కడా లేదు.

అయినా నాకు ఒక సందేహం ఉంది. కృత్రిమ పాదానికి స్పర్శ ఉండదు. పెడలు చూడకుండా, కంగారులో, ఆ పాదం క్లచ్ మీదే పడుతుందా? డాక్టరు సర్టిఫికెట్ గదిలో కూర్చుని రాసింది. నేను చూడనిది నేను రాయను, కారులోనే పరీక్ష పెడతానన్నాను. సరిపోడు అని రాశానా, ఈ జిల్లాలో ఇక ఏ స్కూలూ అతన్ని గుమ్మం ఎక్కనివ్వదు. ఆ సంగతి అతనికీ తెలుసు. పరీక్ష రోజున మనిషి శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎవరినీ తిట్టకుండా ‘అండి, అండి’ అంటుంటే నాకే ఇబ్బందిగా అనిపించింది.

స్కూలు కారులో స్టీరింగ్ ముందు నేను కూర్చున్నాను. పక్క సీట్లో కోటేశ్వరరావు, వెనక సుభాషిణి. నేను ఇవాళే కారు ఎక్కినవాణ్ణి అనుకో అన్నాను. పెనుమూడి వెళ్లే దారి పట్టాం. సార్వా వరి కోతలు అయిపోయిన రోజులు. రైతులు సగం రోడ్డుకి ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. దారి ఖాళీగా ఉంది. ధాన్యం కనపడగానే నేను నెమ్మదించలేదు. కొత్తవాళ్లు భయపడితే బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కేస్తారు, నేనూ అదే చేశాను. నెమ్మదిగా అండి, ఎడమ పక్క చూడండి అన్నాడు. ఇంకా తొక్కాను.

కారు ఒక్క కుదుపుతో నిలబడిపోయింది. రాళ్లు ఇంకా ముందే ఉన్నాయి. నా కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది, ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది, కారు మాత్రం అంగుళం కదలడం లేదు. అంటే అతని కుడికాలు బ్రేకు పట్టింది, ఆ పెట్టుడు కాలు క్లచ్‌ని అడుగంటా తొక్కి పట్టుకుంది. అతని చెయ్యి నా స్టీరింగ్ మీద ఉంది.

“కాలు తియ్! తియ్యమంటుంటే వినపడట్లా? ఆ కాలు నీదేనా, అద్దెకి తెచ్చుకున్నావా?”

కాలు తీశాను. కోటేశ్వరరావు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పోయింది, ఈ పని కూడా పోయింది అనుకున్నాడని ఆ ముఖమే చెబుతోంది. ఈలోగా ధాన్యం తాలూకు రైతు కిటికీ దగ్గరికి వచ్చి, ఈ వయసులో మీకు కారు నేర్చుకోవడం ఎందుకు బాబాయ్ అని నన్ను మందలించాడు. సుభాషిణి నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది.

“బ్రేకూ పట్టింది, క్లచ్చూ పట్టింది. నోరు మాత్రం కాస్త తగ్గించుకో” అన్నాను.

“అదొక్కటీ నా వల్ల కాదండి” అన్నాడు, తలుపు తీసుకుని దిగి, కళ్లు తుడుచుకుంటూ.

రిపోర్టు ఆ మధ్యాహ్నమే పంపాను. సుభాషిణి పక్క చక్రాల స్కూటరు కూడా ఒకటి కొనింది. కాలు పోయినవాళ్లు చీరాల నుంచి కూడా రేపల్లె వచ్చి అతని దగ్గర మలుపులో వాలడం మానుకునే విద్య నేర్చుకుని వెళ్లేవాళ్లు. నేను రిటైరయ్యేదాకా అలాంటివాళ్లు మళ్లీ గీత దాటడం అరుదుగా చూశాను.

పోయినేడాది నా ఎడమ మోకాలు అరిగిపోయి ఆపరేషన్ చేశారు. క్లచ్ లేని కారు కొనుక్కోమన్నాడు డాక్టరు. కొన్నాక నేరుగా రేపల్లె వెళ్లాను. కోటేశ్వరరావు ఎడమ సీట్లో కూర్చుని, సార్, ఈసారి నిజంగా నేర్చుకోవడానికేనా, మళ్లీ నా పరీక్షకా అని అడిగాడు. వంద గజాలు పోకముందే నా ఎడమ కాలు లేని క్లచ్ కోసం వెతికి బ్రేకు మీద పడింది. ముప్పై ఏళ్లకు పైగా ఉన్న అలవాటు మరి. కారు కీచుమని ఆగింది. తిట్లు పూర్తిగా తిన్నాను, ఒక్కటి కూడా తగ్గించలేదు.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది చిన్న విషయమే. మనిషి ఒక పని చెయ్యగలడా లేడా అన్నది అతన్ని బండి ఎక్కించి చూస్తే తేలుతుంది, చూడకుండా తేలదు. తెనాలి యజమాని చెడ్డవాడేం కాదు. కుర్చీ వేశాడు, కాఫీ ఇచ్చాడు. కారు తాళం మాత్రం ఇచ్చి చూడలేదు.