ఫార్మలిన్‌లో కొసరు

1986 ఫిబ్రవరిలో నన్ను భద్రాచలం అవతలి అడవి ఊళ్లకు డ్యూటీ మీద పంపారు. అప్పటికి నేను పశువుల టీకాలు తయారుచేసే కేంద్రంలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌ని. నాది పరీక్షల విభాగం. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులుకు మా వాళ్లు చంపిన వైరస్‌తో కొత్త టీకా తయారుచేశారు. దాన్ని నాటుకోళ్లకు వేసి, కొన్నాళ్లకు రక్తం తీసి, పనిచేసిందో లేదో చూడాలి. మాది ఎర్రుపాలెం. "మీ జిల్లానే కదమ్మా" అంటూ మా ఆఫీసరుగారు నా పేరు రాసేశారు. ఎర్రుపాలేనికీ ఆ అడవికీ మధ్య ఒక పూట ప్రయాణం ఉందని ఆయనకెవరు చెప్పాలి?

సారపాకలో వెదురు లారీల వెనక ఇరుక్కుని, గోదావరి వంతెన దాటి, ఐసు పెట్టెతో సహా ఎగిరెగిరి పడుతూ జీపులో ఆ ఊరు చేరాను.

ఊళ్లో అందరూ నన్ను ముత్తమ్మ ఇంటికే తీసుకుపోయారు. కోయవారి పెద్దావిడ, మాట ఖచ్చితం. ఊళ్లో సగం కోళ్లు ఆమె పాలుకు ఇచ్చినవే. అంటే పెట్ట ఆమెది, సాకేది ఇంకొకరు, పిల్లలైతే చెరిసగం. ఆమె ఊ అంటే ఊరంతా ఊ అన్నట్టే.

"రోగం లేని కోడికి సూది ఏంది బిడ్డా?" అని నవ్వింది. రోగం వచ్చాక వేస్తే లాభం లేదని నచ్చచెప్పేసరికి నా గొంతు ఎండిపోయింది. చివరికి ఒప్పుకుంది. నా నెత్తిన పాలు పోసినట్టయింది. కానీ గంప కింద ఉన్న ఎర్ర పుంజును మాత్రం ముట్టుకోనివ్వలేదు.

"అది విత్తనాల పండుగకు మొక్కిన పుంజు. దేవతకిచ్చేదానికి సూది గుచ్చి నెత్తురు తీస్తరా?" అంది.

ఆ పుంజును ఇచ్చాకే వాళ్లింట్లో విత్తనం నేల మీద పడుతుంది. అది పోతే ఆ ఏటి విత్తు గతేమిటన్నది ముత్తమ్మ భయం. నా భయం వేరు. టీకా లేకపోతే వేసవిలో మొదట పోయేది ఆ పుంజే. ఎంత చెప్పినా వినలేదు. సరేనని మిగతా కోళ్లకు వేసి వచ్చేశాను.

కొన్ని వారాల తర్వాత వెళ్లి, రెక్క కింద నరం నుంచి రక్తం తీసుకుని వచ్చాను. పరీక్ష చేస్తే ఒక్క కోడిలోనూ రక్షణ పుట్టలేదు. ఇంతలో అటువైపు సంతలో కోళ్లు తూలి పడుతున్నాయని కబురు.

ఇక్కడ టీకా సంగతి కొంచెం చెప్పాలి. ఫ్లూ టీకాలాగే దీనికీ వైరస్‌ని కోడిగుడ్లలో పెంచి, ఫార్మలిన్ అనే రసాయనంతో చంపుతారు. వైరస్ ఒంటి మీద కొక్కేల్లాంటి ప్రొటీన్లు ఉంటాయి. వాటితోనే అది కణాన్ని పట్టుకుంటుంది. వాటి ఆకారం చూసే ఒళ్లు శత్రువును గుర్తుపెట్టుకుంటుంది. ఫార్మలిన్ ప్రొటీన్లను ఒకదానికొకటి కుట్టేస్తుంది. కుట్టు తక్కువైతే వైరస్ బతికే ఉంటుంది. ఎక్కువైతే కొక్కెం ముడుచుకుపోయి గుర్తుపట్టరాని ముద్దవుతుంది. కొక్కెం బాగుందా లేదా అని చూడ్డానికి గుంటల ప్లేటులో టీకాకు కోడి ఎర్రరక్తకణాలు కలుపుతాం. బాగుంటే కొక్కేలు పట్టుకుని కణాలు చాపలా పరుచుకుంటాయి. చెడితే అడుగున బొత్తాంలా దిగుతాయి.

మా దగ్గర దాచిన ఆ టీకా నమూనాలో అన్నీ బొత్తాలే!

ఆ రోజుల్లో మేం చంపిన తర్వాత ఒకే పరీక్ష చేసేవాళ్లం, వైరస్ చచ్చిందా లేదా అని. అది మహా బాగా చచ్చింది. ఎందుకంత బాగా చచ్చిందని అడుగుతూ పోతే తేలింది. అంతకుముందొకసారి ఒక బ్యాచ్‌లో వైరస్ బతికి దొరికి అందరికీ చీవాట్లు పడ్డాయి. అప్పటినుంచి ఫార్మలిన్ కొలిచే టెక్నీషియన్ కొలతపైన కాస్త కొసరు వేస్తున్నాడు. ఆయన వేశాడని తెలియక సూపర్‌వైజరు ఇంకాస్త. ఆయన మీద నమ్మకం లేక విభాగం అధికారి మరికాస్త. కూరగాయల బండి దగ్గర కొసరు అడిగి పెరిగినవాళ్లం కదా, ఎక్కువ పడితే మంచిదే అనుకున్నారు! "మిగిలి బతికితే మన పీకల మీదికొస్తది కదా మేడమ్" అన్నాడు టెక్నీషియన్ అమాయకంగా.

కొత్త బ్యాచ్ దగ్గరుండి చేయించాను. చావు పరీక్షా అయింది, చాపా పరుచుకుంది. బయల్దేరేముందు మా ఆఫీసరుగారు పిలిచి, "రెండో డోసు అని చెప్పండి, సరిపోతుంది" అన్నారు. మంచివారే, కేంద్రం పరువు పోకూడదని ఆయన తాపత్రయం.

ఊళ్లో ఐసు పెట్టె దించగానే ముత్తమ్మ సూటిగా అడిగింది. "మొన్న వేసింది ఏమాయె?"

రెండో డోసు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

"అది పనిచెయ్యలేదవ్వా. మా దగ్గర మందు ఎక్కువ కలిపి చెడగొట్టిన్రు. ఇది మంచిగుంది, నేనే చూసిన."

ముత్తమ్మ గెంటేస్తుందనే అనుకున్నాను.

"కోళ్లు చచ్చినంక మా కర్మ అని చెప్పేటోళ్లనే చూసినం. చావకముందు మా తప్పని చెప్పినోళ్లను చూళ్లె" అంది. తర్వాత లేచి వెళ్లి, గంప ఎత్తి, ఎర్ర పుంజును చంకలో పెట్టుకుని తెచ్చింది.

"దీనికి గూడ వెయ్యి. దేవతకు నేను చెప్పుకుంట. పుంజే పోతే ఏం పెట్టాలె?"

సూది తీసినచోట ఒక చుక్క నెత్తురు కనిపిస్తే పసుపు అద్ది, కోయమాటల్లో ఏదో చెప్పుకుంది. దేవతకు సంజాయిషీ కాబోలు.

ఏప్రిల్‌లో తెగులు వచ్చింది. చుట్టుపక్కల గూళ్లు ఖాళీ అయ్యాయి. ఈ ఊళ్లో అడవిలో తిరుగుతూ ఆ రోజు మాకు చిక్కని కొన్ని పెట్టలు పోయాయి. మిగతావి నిలిచాయి. పండుగకు రమ్మని కబురొస్తే వెళ్లాను. ఎర్ర పుంజు గంప మీద నిలబడి నా వైపే గుర్రుగా చూస్తోంది. దాన్ని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పూటే దాన్ని దేవతకు కోశారు. నా ఆకులో కాలు ముక్క వేస్తూ ముత్తమ్మ, "నువ్వే బతికిస్తివి, నువ్వే తిను బిడ్డా" అంది. నవ్వాపుకోలేక నాకు పొలమారింది. మర్నాడు వాళ్లింటి విత్తనం నేలలో పడింది.

వైరస్‌ని చంపడం ఎవరికైనా చేతనవుతుంది. చచ్చాక కూడా దాన్ని గుర్తుపట్టేలా ఉంచడమే టీకా తయారీ. భయపడి ఎక్కువ వేయడం, బద్ధకించి తక్కువ వేయడం రెండూ ఒకే తప్పు. ఆ ఏటి నుంచి నేను రిటైరయ్యేదాకా మా విభాగంలో ఫార్మలిన్ ఒక్క చేత్తోనే పడింది, కొక్కెం పరీక్ష కాకుండా ఏ సీసా గేటు దాటలేదు.