బూటుకు అత్త అల్లిన వల

నా చిన్నప్పుడు నన్ను ఏడిపించింది చదువు కాదు, ఒక జత తెల్ల కాన్వాసు బూట్లు. మాది వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రం ఒడ్డున వేట మీద బతికే ఊరు. ఇసకలో వట్టికాళ్లతో పెరిగిన నా పాదం ముందువైపు వెడల్పు, మడమ సన్నం. టెక్కలిలో పరుగు పందేనికి మా బడి నుంచి నన్ను ఎంపిక చేశారు గానీ, బూట్లు లేనిదే దిగనివ్వరట. నాన్న తెచ్చిన జత వేళ్లను నొక్కేసింది. మార్చి ఒక నంబరు పెద్దది తెస్తే మడమ ఊడొచ్చింది. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, లేసు గట్టిగా బిగించు, అదే సర్దుకుంటుందని. పడవ తాడు బిగించినట్టు బిగించాను. పాదం తిమ్మిరెక్కి, మలుపులో అడుగు సరిగా పడేది కాదు. నాదే వంకర కాలని ఏడ్చాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వలలు బాగుచేసే మా మేనత్త ఒక్కతే నా కాళ్లకేసి చూసింది. తడి ఇసకలో వంపుగా ఒకసారి బూట్లతో, ఒకసారి వట్టికాళ్లతో పరుగెత్తించింది. వట్టికాలి గుర్తులో వేళ్లు విచ్చుకుని ఇసకను పట్టుకున్నాయి. బూటు గుర్తు పక్కకి జారిపోయి ఉంది.

"సూడే, తప్పు నీ కాల్ది కాదు, ఈ గుడ్డది. ఏళ్లు పరుసుకోడానికి సోటేదీ?" అంది.

మడమకు సరిపోయిన మొదటి నంబరే మళ్లీ తెప్పించి, చిటికెన వేలి పక్క గుడ్డ కోసేసి, అక్కడ వల దారంతో అల్లింది. మొదట వల కన్నులు పెద్దవై, మలుపులో పాదం బయటికి జారింది. అత్త విసుక్కోకుండా అంతా విప్పి, చిన్న కన్నులతో మళ్లీ అల్లింది. లేసు వేళ్ల దగ్గర వదులుగా, చీలమండ దగ్గర బిగువుగా కట్టించింది. ఆ సాయంత్రం ఒడ్డున పరుగెత్తుతుంటే కాళ్లకు బూట్లున్న సంగతే మరిచిపోయాను.

పందెం రోజు అత్త నాతో బస్సులో టెక్కలి వచ్చింది. గీత దగ్గర నిలబడ్డాక ఒక సారు నా కాళ్లు చూసి, "ఇదేంటి, చిరిగిన బూట్లేసుకొచ్చావు?" అన్నారు. పక్క పిల్లలు నవ్వారు. చిరగలేదని, నా కాలికి తగ్గట్టు మా అత్త రెండుసార్లు అల్లిందని చెప్పాలి. అంతా తెలిసీ తల దించుకున్నాను. "అవును సార్, సిరిగిపోనాయి" అన్నాను. నన్ను పందెంలోంచి తీసేశారు. తాడు అవతల నిలబడ్డ అత్త ఆ మాట విననే విన్నది. తిరుగు బస్సులో నన్నొక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మొన్న పలాసలో మనవరాలికి ఆటల బూట్లు కొనబోతే కొట్టతను, "వాడితే అవే సాగిపోతాయి మామ్మా" అన్నాడు. పిల్లేమో నొప్పి లేదని తల దించుకునే ఊపుతోంది. నాకు కోపం ఆగలేదు. ఎక్కడ నొక్కుతోందో నోరు తెరిచి చెప్పేదాకా కదలనన్నాను. చివరికి, "సిటికినేలు కాడ, మామ్మా" అంది. నాలుగు జతలు దింపించాను. కొట్టతను విసుక్కున్నాడు, విసుక్కోనీ.

అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆ బూట్లు చిరగలేదని ఆవిడ వినేలా చెప్పే వీలు నాకిక లేదు.