ఆర్లీన్‌కి పెనం ఇచ్చిన రోజు

అమెరికాలో ప్లాట్ నది పక్కన, మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న ఆ ఊళ్ళో ఎవరికైనా పెనం ఇచ్చారంటే ఇక ఆ మనిషికి పనినించి సెలవన్నమాట. మామూలు పెనం కాదది. పోత ఇనుముది, ఒక చేత్తో ఎత్తితే మణికట్టు మెలితిరుగుతుంది. అడుగున పరుగెత్తే గుర్రం, దాని మెడ మీదికి వంగిన రౌతు, చుట్టూ ఒకప్పుడు ఉత్తరాలు మోసిన గుర్రపు టపా పేరు, ఆ ఏటి అంకె. ఏడాదికి కాసినే పోత పోయిస్తారు కాబట్టి పాత సామాన్లు సేకరించేవాళ్ళు ఎక్కడెక్కడినించో వచ్చి బేరాలాడతారు. ఊరివాళ్ళు అమ్మరు. అలాగని పొయ్యి మీదా పెట్టరు. గోడకి తగిలించుకుంటారు.

ప్రతి జూన్‌లోనూ అక్కడి సంఘంవాళ్ళు ఆ పాతకాలపు టపాని మళ్ళీ నడుపుతారు. ఉత్తరాల సంచీ మిస్సోరీ నించి కాలిఫోర్నియా దాకా గుర్రాలు మారుతూ, చేతులు మారుతూ రాత్రింబవళ్ళు పోతుంది. అసలు టపా నడిచింది మహా అయితే ఏడాదిన్నర. తంతి తీగ రాగానే మూతపడింది.

"దాని బతుకే ఏడాదిన్నర. దానికి తద్దినాలు పెట్టడానికి నా బతుకంతా పట్టింది" అనేది ఆర్లీన్.

ఒళ్ళు సహకరించక జీను దిగిన రౌతుకి సంఘం పెనం ఇస్తుంది. తీసుకున్నవాణ్ణి మళ్ళీ రమ్మని అడగడం అక్కడ మర్యాద కాదు. ఆర్లీన్ మొగుడు డెల్బర్ట్‌కి మోకాళ్ళు అరిగాక ఇచ్చారు. అప్పట్నించీ ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చేపోయే రౌతులకి ఉచిత సలహాలు పారేస్తుంటాడు.

ఆర్లీన్ ఏనాడూ గుర్రం ఎక్కలేదు. ఆ ఊళ్ళో సంచీ చేతులు మారేది వాళ్ళ వాకిట్లోనే. కొత్తగా కాపురానికొచ్చిన ఏడు, "ఈ ఒక్కసారికి వాళ్ళకి నాలుగు అట్లు పోసిపెట్టమ్మా" అంది అత్తగారు. ఆ ఒక్కసారి నలభై ఏళ్ళు దాటింది. వానపడి దారి బురదైతే సంచీ ఆలస్యమవుతుంది. సాసేజీలు ఎండిపోతాయి, పిండి పారబోసి మళ్ళీ కలపాలి. రౌతులొస్తారు, వాళ్ళ పెళ్ళాం పిల్లలొస్తారు, ఫొటోలు తీసేవాళ్ళొస్తారు. తినేవాళ్ళే అందరూ, గిన్నె తోమే పుణ్యాత్ముడు ఒక్కడుండడు.

పోయిన చలికాలం ఆమె కుడి భుజం పైకి లేవడం మానేసింది. డెల్బర్ట్ మేనల్లుడు కర్బీ అక్కడి రౌతులకి పెద్ద. అతన్ని పిలిచి మొహమాటం లేకుండా చెప్పేసింది.

"ఒరే కర్బీ, ఇక నావల్ల కాదురా. ఇంకెవర్నైనా చూసుకో."

"నీ చేతి రుచి ఇంకెవరికొస్తుంది అత్తా?"

"రుచి సంగతి తర్వాత. చెయ్యే లేవట్లేదు."

"అబ్బా, ఈ ఒక్క ఏడాదికి!"

పొగిడి పని చేయించుకోవడం ఆ వంశంలోనే ఉంది. జూన్ వచ్చింది. మళ్ళీ ఆమే పిండి కలిపింది, ఎడమ చేత్తో.

ఆ ఉదయం సంచీ వేళకే వచ్చింది. వచ్చిన రౌతు దిగాడు, కొత్త రౌతు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాడు. జనం పళ్ళాలు పట్టుకుని పొయ్యి దగ్గర మూగుతుంటే కర్బీ చప్పట్లు కొట్టాడు.

"ఆగండాగండి! అత్తా, ఇటు రా. రౌతు కానివాళ్ళకి ఇది ఇవ్వడం ఇదే మొదలు!"

అట్టపెట్టె విప్పి పెనం తీశాడు. ఈ ఏటిది, నల్లగా నిగనిగలాడుతోంది. ఈలలు, చప్పట్లు. ఆర్లీన్ చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుని, దాన్ని గుండెకి ఆనించుకుంది. హమ్మయ్య, అయిపోయింది అనుకుంది. వద్దనుకున్నా ఏడుపొచ్చింది. సంతోషంతో ఏడుస్తోందనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

"అందరూ గోడకి తగిలిస్తారు. మా అత్తకి గోడెందుకు? వచ్చే జూన్‌లో దీని మీద మొదటి అట్టు నాది!" అన్నాడు కర్బీ.

అందరూ నవ్వారు. పళ్ళాలు ముందుకొచ్చాయి.

ఆర్లీన్ కదల్లేదు. "పెనం పుచ్చుకున్నవాణ్ణి మళ్ళీ రమ్మంటారట్రా?"

"అనరు."

"మీ మావయ్యని ఎప్పుడైనా అడిగావా?"

"అదేంటత్తా, ఆయన మోకాళ్ళు..."

"మరి నన్నెందుకు అడుగుతున్నావ్?"

కర్బీకి నిజంగానే అర్థం కాలేదు. వాడిలో కపటం లేదు, అదే పెద్ద గోల. "నువ్వు గుర్రం ఎక్కలేదుగా అత్తా!" అన్నాడు.

ఆర్లీన్ ఒంగి పొయ్యి ఆర్పేసింది. పిండి ఇంకా సగం పైనే ఉంది. నడిచి వెళ్ళి డెల్బర్ట్ పక్క కుర్చీలో, ఒళ్ళో పెనంతో కూర్చుంది. ఆ కుర్చీ ఎవరిదో గానీ, లెమ్మని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నిలబడ్డవాళ్ళు చేతుల్లో ఖాళీ పళ్ళాలు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసుకున్నారు.

"నాక్కొంచెం కాఫీ కావాలి" అంది, ఎవరితో అంటోందో తెలియకుండా.

డెల్బర్ట్ ఆమె మొహం కేసి చూశాడు. కుర్చీ చేతులు పట్టుకుని, మోకాళ్ళు టకటకమంటుండగా లేచాడు. కప్పులెక్కడున్నాయో వెతుక్కుని, కాఫీ కూజా దగ్గరే నిలబడిపోయాడు. వెనక్కి తిరిగి, సిగ్గుపడుతున్న గొంతుతో అడిగాడు.

"ఆర్లీన్, నువ్వు పాలు పోసుకుంటావా?"

తిట్టాలనే అనుకుంది. నలభై ఏళ్ళ తిట్లు గొంతుదాకా వచ్చాయి కూడా. కానీ ఓపిక లేదు.

"ఎలాగైనా సరే" అంది. "వేడిగా ఇయ్యి."