గంటలో హైదరాబాదు

విశాఖపట్నం నుంచి హైదరాబాదుకి నా అంత వేగంగా, నా అంత దండగగా వెళ్ళిన మనిషి ఇంకొకడు ఉండడు. కొంప ఎలా మునిగిందో వినండి.

అప్పటికి పోర్టులో నా ఉద్యోగం కొత్త. ఒళ్ళంతా పొగరు. హైదరాబాదులో కాపురముంటున్న మా చెల్లెలు రమణకి సీమంతం. అమ్మ కాలు బెణికి మంచం పట్టింది. పుట్టింటి గాజులు, చీర పట్టుకెళ్ళే భారం నా మీద పడింది.

"ముందురోజే బస్సెక్కీ బావా. రాత్రంతా పడతాది," అన్నాడు సన్నిబాబు. మా అక్క మొగుడు, కంచరపాలెంలో ఉంటాడు.

"బస్సేటి బావా! ఇమానంలో గంట. కాపీ సల్లారేలోగా దిగిపోతాను."

ఆ గంట గురించి ఊరంతా చాటింపు వేశాను.

అమ్మ పంచాంగం చూపించుకుంది. నా విమానం వేళకి వర్జ్యమట. టికెట్టు మార్చనంటే మార్చనన్నాను.

"అయితే పరస్థానం ఎట్టీరా," అంది.

మంచి ఘడియలో సామాను ముందుగా వేరే ఇంటికి చేర్చేస్తే ప్రయాణం మొదలైనట్టే లెక్క. ముందురోజే గాజుల సంచి బావ ఇంట్లో పెట్టి వచ్చాను. విమానానికి వెళ్ళే దారే కదా, తీసుకుపోదామని.

మర్నాడు కొత్త ప్యాంటు, నున్నగా దువ్విన జుట్టు, ఆటోలో దొరబాబులా నేను. కంచరపాలెం ఎప్పుడు దాటిందో చూసిందెవరు? నేను నేల మీద ఉంటే కదా!

గాల్లోకి లేచాక కాఫీ ఇచ్చిన అమ్మాయి, "ఆఫీసు పనిమీదా సార్?" అంది.

"నేదండి, సెల్లెలి సీమంతం. గాజులు పట్టుకెల్త..."

సంచి బావ ఇంట్లోనే ఉండిపోయింది! బస్సయితే కండక్టరు కాళ్ళు పట్టుకునైనా దిగిపోయేవాణ్ణి. విమానంలో ఎవరి కాళ్ళు పట్టుకోను?

గంటలోనే దిగాను. ఆ ఒక్క మాటా తప్పలేదు. గుమ్మంలో రమణ ముందు నా చేతులే చూసింది.

"గాజులేవి అన్నియ్యా?"

"కంచరపాలెంలో..."

బావ ఇంటి పక్క కొట్టుకి ట్రంకాల్ చేశాను. పాపం, వెంటనే సంచి పట్టుకుని బస్సెక్కాడు. ఏం లాభం? సీమంతం ఆ సాయంత్రమే. పుట్టింటి గాజులు రాకపోతే ఏం చేస్తారు, అత్తగారే తన గాజులు తొడిగింది. తల వంచుకుని కూర్చున్న రమణని చూస్తే నాకే ఏడుపొచ్చింది.

మర్నాడు బావ కనుబొమల దాకా దుమ్ముతో దిగాడు. రమణ అక్కడే నేలమీద చతికిలబడి, సంచి విప్పి, గాజులన్నీ మోచేతుల దాకా తొడుక్కుంది. చీర మూటకి అమ్మ కట్టిన ముడిని మాత్రం విప్పకుండా కాసేపు తడిమింది.

పోయిన పరువు కొంచెమైనా దక్కించుకుందామని, "ఏటైనా సెప్పు బావా, నువ్వు రాత్రంతా కూకున్నావు, నాను గంటలో వచ్చీసినాను," అన్నాను.

రమణ తలెత్తింది.

"గంటేనా అన్నియ్యా? మరి నాను కాపరానికొచ్చి ఇన్నేళ్ళయినాది. ఒక్కపాలీ రానేదేటి?"

బావ గోడవైపు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

అందుకని, చదివే మీ అందరి సాక్షిగా నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టేస్తున్నాను: ఎవరెంత గుచ్చి అడిగినా సరే, ఈ జన్మలో చెల్లెలింటి దూరం గంటల్లో చెప్పను.