బోర్లించిన తాంబూలపు పళ్లెం

అచ్చులో ఒత్తి చేసిన పాతకాలపు అచ్చుగాజు పళ్లేలు సేకరించి, ప్రతిదాని వివరమూ పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఆ అలవాటే కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర మిట్టేమరిలో నన్ను సిగ్గుపరచింది.

మిత్రుని మనుమడికి పిల్లను చూడటానికి కాకినాడ నుంచి నేనూ వెంట వెళ్లాను. మాటలు కుదిరాయి. మావైపు పెద్దవాడినని పిల్ల అవ్వ తాంబూలం నాకే అందించింది. దాన్ని స్వీకరిస్తే సంబంధం ఒప్పుకున్నట్టే. నా చూపు మాత్రం తాంబూలం కింది పళ్లెం మీద పడింది. ఆకుపచ్చని అచ్చుగాజు, అంచున ద్రాక్షగుత్తులు. ఆకులూ వక్కలూ తీసి నేలమీద పెట్టి, తయారీ గుర్తు కోసం పళ్లెం బోర్లించాను.



"ఏమప్పా, పిల్ల నచ్చకుంటే నోటితో చెప్పొచ్చు గదా? తాంబూలం యాడన్నా నేలన పెడతారా?" అంది అవ్వ.

ఇంత అపార్థమా అని నాకు కోపం వచ్చింది. "నేను చూస్తున్నది పళ్లేన్ని, పిల్లను కాదమ్మా!" అన్నాను గట్టిగా.

ఎంత మాట అన్నానో, గుమ్మంలో నిలబడిన పిల్ల కళ్లు చెమ్మగిల్లాక గాని నాకు తెలియలేదు. లేచి క్షమించమన్నాను.

అవ్వ పళ్లెం తుడిచి, కొత్త ఆకులు పేర్చి, మళ్లీ నా చేతికే ఇచ్చింది.

"ఈ తూరి పైనుండేది చూడప్పా."

అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వేదాకా నేను తల ఎత్తలేకపోయాను.