ఎడం పక్క సాలు

మా అత్తకు మోకాళ్లు పోయాక మిరపకోత ముఠా నా చేతికి వచ్చింది. ప్రత్తిపాడు చుట్టుపక్కల చేలకు పదిమంది ఆడవాళ్లను ఆటోలో తీసుకెళ్లి, చెట్ల వరసల్లో ఎవరి సాలు వాళ్లకు పంచి, సాయంత్రం దాకా కోయించాలి. మంచం మీద నుంచే అత్త నాకు ఒక్కొక్కరి సంగతీ అప్పగించింది.

"ఆ వాగొడ్డు పిల్లని ఎంత తిట్టినా నవ్వుద్ది, తిట్టు. టైలరు పెళ్లాన్ని మాత్రం పొగడాలి, అరిచావంటే మూడు రోజులు అలుగుద్ది. సాయిబుల కోడలి పక్కన నిలబడకు, చెయ్యి సాగదు దానికి. చర్చి వెనకింటి పెద్దామె ఉందిగా, ఆమె ఎడం పక్క సాలు వదిలెయ్. అందరూ కోత ముగించాక నువ్వే కోసుకో. ఎందుకని అడగమాక."

అడగొద్దంటే ఊరుకునే రకమా నేను? ఆటోలో టైలరు పెళ్లాన్ని అడిగాను. రెండేళ్ల కిందట పత్తి చేలో, పెద్దామె ఎడం పక్క సాల్లో, ఆమె చెల్లెలు పిడుగు పడి చనిపోయిందట. పాపం అనిపించింది. అంతలోనే ఒళ్లూ మండింది. తలకో తీరున నడుచుకుంటూ పోతే ఇక నేను మేస్త్రీనా, ఆయానా?

వారం తిరక్కుండానే మబ్బు పట్టింది. కోయకముందే పండుకాయ తడిస్తే రైతు నెత్తి బాదుకుంటాడు. ఆ చేలో అది మొదటి కోత. కొత్తగా చేరిన అమ్మాయిని తీసుకెళ్లి ఆ ఖాళీ సాల్లో నిలబెట్టాను. పెద్దామె ఒళ్లో కాయలు గోతాంలో పోసి, వెళ్లి గట్టు మీద కూర్చుంది.

కాసేపటికి కొత్తమ్మాయి పిలిచింది. "అక్కా, ఈ సాల్లో కాయ లేదే!"

విసుక్కుంటూ వెళ్లాను. ఆ సాల్లో పదిహేను చెట్ల దాకా పండుకాయ ఒక్కటీ లేదు. అటూ ఇటూ సాళ్లు ఎర్రగా ఉన్నాయి. కాయ తెంపిన చోట కొమ్మకు తడి ఇంకా ఆరలేదు. పొద్దున్నుంచీ ఆ సాల్లోకి ఎవరూ దిగలేదు, నేను చూస్తూనే ఉన్నాను. "పెద్దామె ఇటు కూడా చెయ్యి పెట్టుంటదిలే" అని గట్టిగానే అన్నాను. ఆ ఉక్కలో నిలబడి నాకు చలి వేసింది.

మర్నాటి నుంచి పెద్దామె పనికి రాలేదు. నాలుగో రోజు ఆమె కూతురు మా గుమ్మంలోకి వచ్చి ఏడ్చింది. "మా అమ్మ మెతుకు ముట్టట్లేదక్కా. మంచినీళ్లు కూడా బలవంతాన పోస్తన్నా."

"దాని ప్రాణం తీస్తావా ఏందే? పో, పోయి పిలుచుకురా!" అని అత్త మంచం మీద నుంచి కేకలేసింది.

వెళ్లాను. పెద్దామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నాలుగు రోజులకే మొహం లోపలికి పోయింది.

"పెద్దమ్మా, ఆ సాలు ఇక ఎవరికీ ఇవ్వను. పనికి రా."

"నేను రానన్నానా? అదే రానంటంది. నువ్వు లేపేశావుగా. దాన్ని పిలువు."

నా నాలుక చివరిదాకా వచ్చింది, ఇదేం పిచ్చి అని. ఆమె పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి. సిగ్గు చంపుకుని, ఆమె ఎడం పక్కకు తిరిగి, ఉత్త గోడతో అన్నాను. "చిన్నమ్మా, తప్పయిపోయింది. రేపు నువ్వూ రా."

పెద్దామె ఆ పక్కకు చెవి ఒగ్గి వింది. తర్వాత కూతురితో, "వస్తానంటంది. అన్నం పెట్టవే" అంది. ఆమె తింటుంటే నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు ఆటోలో కొత్తమ్మాయి వెళ్లి పెద్దామె పక్కన కూర్చోబోయింది.

"అక్కడ కాదే, ఇటు రా!" అని అరిచాను. ఎవరూ నవ్వలేదు. వాగొడ్డు పిల్ల కూడా నోరు మూసుకుని సర్దుకుంది. పెద్దామెకు ఎడమ వైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, ఆ చోటుకు ఇవతల నేను కూర్చున్నాను. ఆమె కోసమే చేస్తున్నాను అనుకున్నాను.

ఊరు దాటగానే ఆటో గుంతలో పడి ఎగిరింది. ఆ ఖాళీ చోటు వైపు నుంచి నా మోకాలికి ఒక మోకాలు తగిలింది. నేను ఇంకొంచెం జరిగి కూర్చున్నాను.