పిట్టలది ఏ వరస?

మాడుగులలో మర్నాడు చెప్పాల్సిన పాఠం కోసం, అనకాపల్లి బస్సులో కూర్చుని ఫోన్‌లో రెండు టానేజర్ పిట్టల్ని పోల్చుకుంటున్నాను. దక్షిణ అమెరికా కొండల్లో ఉండే పిట్టలవి. రెండింటికీ పసుపు పొట్టే, రెండోదానికి మాత్రం గడ్డం నలుపు. పక్క సీటులోని చెరకు రైతు తొంగి చూశాడు.

“రెండూ దగ్గరి చుట్టాలండీ,” అన్నాను.

“ఏటి వరస?”

ఇరవై ఏళ్లుగా జువాలజీ చెబుతున్నా, ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

“అదే బాబూ, పెళ్లి సేసుకుంటాయా?”

“చేసుకోవు. అందుకే వేరే జాతులన్నాం.”

“అయితే అన్నదమ్ముల వరసని సెప్పొచ్చు కదా!”

క్లాసులో గంటసేపు చెప్పినా పిల్లలకెక్కని ముక్క అది. రేపు ఇలాగే చెప్పాలనుకుంటుండగా, ఆయన ఫోన్ అందుకుని మళ్లీ చూశాడు.

“ఈ రెండోవోడు గడ్డం గీయించుకుంటే మీరు కూడా గుర్తట్టలేరు!”